డ్రమ్మా, కెటిలా? వైజాగ్ పెరట్లో మొదటి బొగ్గుల స్మోకర్‌గా ఏది మేలు?

నేను డ్రమ్ము స్మోకర్, అంటే బొగ్గుల పొగలో మాంసాన్ని నెమ్మదిగా వండే ఇనుప డ్రమ్ము పొయ్యి, చేయించుకున్నానని తెలిసిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "కెటిల్ కొనుక్కోమంటారా, డ్రమ్ము చేయించుకోమంటారా?" కెటిల్ అంటే టీ కాచేది కాదు, గుండ్రటి మూత ఉన్న బొగ్గుల గ్రిల్. అడిగేవాళ్ళలో చాలామందికి పొగ మీద మాంసం వండటమంటే ఏమిటో ముందే తెలుసు. వేడిని 107 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచి, గంటల తరబడి ఓపికగా వండాలని వీడియోల్లో చూసినవాళ్ళే. అందుకని ఆ సంగతులు వదిలేసి నేరుగా ఎంపిక దగ్గరికి వస్తాను.

కొనేముందు అందరూ ధర చూస్తారు, సైజు చూస్తారు, ఎన్ని కిలోలు పడుతుందో లెక్క వేస్తారు. నా దృష్టిలో అవన్నీ తర్వాత. ముందు చూడాల్సింది ఒక్కటే: లోపలికి వెళ్ళే గాలి పూర్తిగా మీ చేతిలో ఉందా, లేదా? ఇంట్లో కుంపటి వాడినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. కింద గాలి తగిలితే బొగ్గు ఎర్రగా రాజుకుంటుంది, గాలి మూస్తే నివురు పట్టేస్తుంది. స్మోకర్‌లోనూ అంతే. ఎన్ని బొగ్గులు పోశారన్నది ఎంతసేపు మండుతుందో చెబుతుంది. ఎంత వేడి వస్తుందన్నది మాత్రం గాలి చెబుతుంది. కింద రంధ్రాలతో వేడిని తగ్గించడం, పెంచడం చేయాలి. పైన మూతలో ఉన్న పొగ రంధ్రం వండుతున్నంతసేపూ తెరిచే ఉండాలి. పైది మూస్తే పొగ లోపలే మగ్గి మాంసానికి చేదు పడుతుంది.

మూత దగ్గరో, తలుపు దగ్గరో సందు ఉంటే ఈ పద్ధతంతా పాడవుతుంది. మన ఊళ్ళో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ, ఎందుకంటే మనకి సముద్రం గాలి ఉంది. లాసన్స్ బే, రుషికొండ, ఎండాడ వైపు ఇళ్ళుంటే మధ్యాహ్నానికి గాలి ఎలా అందుకుంటుందో తెలిసిందే. ఉదయం 120 దగ్గర బుద్ధిగా నిలబడ్డ స్మోకర్ సందుల్లోంచి ఆ గాలి తగలగానే 180కి ఎగబాకుతుంది. మీరు కింద రంధ్రాలన్నీ మూసినా దిగదు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చే పల్చటి రేకు స్మోకర్లలో చాలావాటి బాధ ఇదే. వాటి మూత సరిగా కూర్చోదు, తలుపు వంకర పోతుంది.

రెండోది బొగ్గు. ఇక్కడ సులువుగా దొరికేది కట్టె బొగ్గు, అందులోనూ సరుగుడు బొగ్గు. ఇస్త్రీ బళ్ళ వాళ్ళు కొనే చోటే మనమూ కొనుక్కోవచ్చు. మంచి బొగ్గే, వేడి బాగా ఇస్తుంది, బూడిద తక్కువ. కానీ ముక్కలన్నీ ఒక సైజులో ఉండవు. ఒకటి పిడికెడుంటే పక్కది గోళీ కాయంత, అడుగున అంతా పొడి. ఈ ఒక్క సంగతే కెటిల్‌కీ డ్రమ్ముకీ మధ్య పెద్ద తేడా తెస్తుంది.

కెటిల్ సంగతి చూద్దాం. 1952లో అమెరికాలో జార్జ్ స్టీఫెన్ అనే ఆయన వెబర్ బ్రదర్స్ మెటల్ వర్క్స్‌లో పనిచేస్తూ, నీళ్ళ మీద తేలే ఇనుప బోయాని సగానికి కోసి దీన్ని తయారు చేశాడు. హార్బర్ ఊరి వాళ్ళం కాబట్టి ఆ గుండ్రటి ఆకారం మనకి కొత్త కాదు. దాని గొప్పతనం మూతలో ఉంది. మూత గట్టిగా కూర్చుంటుంది, పైనా కిందా గాలి రంధ్రాలుంటాయి, రేకు మీద కాల్చిన ఎనామిల్ పూత ఉంటుంది. ఉప్పు గాలిలో నాలుగు కాలాలు నిలవాలంటే ఆ పూత చాలా ముఖ్యం. ఎక్కడైనా పెచ్చు ఊడితే మాత్రం అక్కణ్ణుంచి తుప్పు మొదలవుతుంది, కాబట్టి కింద పడకుండా చూసుకోవాలి. సాయంత్రం గబగబా చికెన్ కాల్చుకోవాలన్నా, కోణం చేప ముక్కలు నిప్పుల మీద వేసుకోవాలన్నా కెటిల్‌కి సాటి లేదు.

పొగ మీద నెమ్మదిగా వండాల్సి వచ్చేసరికి అది చిన్నదైపోతుంది. బొగ్గు ఒక పక్కన, మాంసం ఇంకో పక్కన పెట్టాలి కాబట్టి 57 సెంటీమీటర్ల జాలిలో సగమే మీకు పనికొస్తుంది. నిప్పు వైపు ఉన్న అంచు మాడకుండా మాంసాన్ని మధ్యమధ్య తిప్పాలి. ఎక్కువసేపు మండాలంటే బొగ్గు బ్రికెట్లని (బొగ్గు పొడిని నొక్కి ఒకే సైజులో చేసిన ముద్దలు) అంచు చుట్టూ పాములా పేర్చి ఒక కొస వెలిగించే పద్ధతి ఉంది. అది చాలా బాగా పనిచేస్తుంది, కానీ బ్రికెట్లతోనే. మన సరుగుడు బొగ్గుతో పేరిస్తే పెద్ద ముక్క దగ్గర మంట ఎగుస్తుంది, పొడి దగ్గర ఆరిపోతుంది. బ్రికెట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఎప్పుడో ఒకసారి వండేవాళ్ళకి సరే, వారం వారం వండాలనుకుంటే ఆ ఖర్చు భారమే. పైగా కొన్ని రకాల బ్రికెట్లకి బూడిద ఎక్కువ. అది కింద రంధ్రాల్ని కప్పేసి నిప్పుని చంపేస్తుంది.

డ్రమ్ములో ఈ తలనొప్పి లేదు. 200 లీటర్ల ఇనుప డ్రమ్ము అడుగున బొగ్గుల బుట్ట ఉంటుంది, దానికి 60 సెంటీమీటర్ల పైన జాలి ఉంటుంది. బుట్ట నిండా బొగ్గు పోసి, విడిగా రాజేసిన నాలుగు కణికలు మధ్యలో వేస్తారు. అక్కణ్ణుంచి నిప్పు మెల్లగా చుట్టూ, కిందకీ పాకుతుంది. ముక్కలు చిన్నా పెద్దా ఉన్నా గాలి కొలతగా వస్తోంది కాబట్టి వేడి అదుపు తప్పదు. పోసేముందు పొడిని జల్లించి తీసేస్తే చాలు. నిప్పుకి అంత ఎత్తున ఉండటంతో జాలి మొత్తం వాడుకోవచ్చు, మధ్యలో వేడిని ఆపే అడ్డు పళ్ళెం కూడా అక్కర్లేదు. కరిగిన కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగకి ఒక ప్రత్యేకమైన రుచి ఉంటుంది. కెటిల్‌లో మాంసం నిప్పు పక్కన ఉంటుంది కాబట్టి ఆ రుచి అంతగా రాదు. ఈ ఒక్క కారణానికే నాకు డ్రమ్ము ఇష్టం.

చేయించడం కష్టం కాదు. గాజువాక ఆటోనగర్‌లో ఇలాంటి పని చేసే షెడ్లకి కొదవ లేదు. మేస్త్రికి మూడు విషయాలు చెప్పాలి. అడుగుకి దగ్గరగా ముప్పావు ఇంచి రంధ్రాలు మూడో నాలుగో పెట్టాలి. వాటిలో ఒకదానికి గాలిని తగ్గించి పెంచే బాల్ వాల్వ్, మిగతావాటికి మూతలు బిగించాలి. పై మూతలో రెండించీల పొగ గొట్టం ఉండాలి. బాల్ వాల్వ్ ఉన్న వైపుని గాలికి ఎదురుగా పెట్టకూడదు. డ్రమ్ము వ్యాసం కూడా దాదాపు 57 సెంటీమీటర్లే కాబట్టి కెటిల్ కోసం అమ్మే జాలి ఇందులో సరిపోతుంది.

డ్రమ్ము ఎంచుకునేటప్పుడు మాత్రం దయచేసి తొందరపడకండి. మనది ఫ్యాక్టరీల ఊరు, పాత డ్రమ్ములు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి. వాటిలో ఏ రసాయనం, ఏ పురుగుల మందు పోశారో మనకి తెలియదు. ఎంత కాల్చినా, ఎంత కడిగినా అలాంటిది వంటకి పనికిరాదు. జింకు పూత ఉన్న గాల్వనైజ్డ్ డ్రమ్మూ వద్దు, బాగా వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ విషం. మామిడి గుజ్జులాంటి తిండి సరుకు వచ్చిన డ్రమ్ము గాని, కొత్తది గాని తీసుకోండి. లోపల ఎర్రగానో లేత గోధుమ రంగులోనో పూత కనిపిస్తే మొత్తం పోయేదాకా కట్టెలతో పెద్ద మంట వేసి కాల్చాలి, తర్వాత గీకించాలి. ఇంత పని పడకుండా ఉండాలంటే పూత లేనిది వెతకడమే మేలు. ఆ తర్వాత లోపల వంట నూనె రాసి, ఒకసారి మాంసం లేకుండా పొగ పెడితే ఇనుముకి నల్లటి పొర పడుతుంది. మన తేమ గాలిలో తుప్పు ఆపేది ఆ పొరే. వానాకాలంలో పైన కప్పు తప్పనిసరి.

తేమ బొగ్గునీ వదలదు. తడి పీల్చిన బొగ్గు చిటపటలాడి, తెల్లటి దట్టమైన పొగ వదులుతుంది. కొన్న బస్తాని ఒక పూట ఎండబెట్టి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసుకోండి. కనీకనిపించని నీలి పొగ వచ్చేదాకా ఆగి, అప్పుడే మాంసం లోపల పెట్టండి.

మిగతా రకాల గురించి రెండు మాటలు. పక్కన నిప్పు పెట్టె ఉండే ఆఫ్‌సెట్ స్మోకర్ కట్టెలతో నడిచేది, అరగంటకీ గంటకీ ఒక కట్టె వేస్తూ దగ్గరే కూర్చోవాలి. మొదలుపెట్టేవాళ్ళకి వద్దు. గుడ్డు ఆకారంలో మందపాటి గోడలతో ఉండే పింగాణీ పొయ్యి, కమాడో, అద్భుతమైన వస్తువు, తుప్పు భయమే లేదు, గాలి అదుపు అన్నిటికంటే బాగుంటుంది. కానీ ధర చూశాక చాలామంది ఆగిపోతారు. తూటాలా నిలువుగా ఉండే బుల్లెట్ స్మోకర్లలో మంచి కంపెనీవి డ్రమ్ముకి దీటుగా పనిచేస్తాయి.

కాబట్టి నా సలహా ఇది. నేల మీద సొంత పెరడుండి, ముఖ్యంగా పొగ మీద వండటమే మీ కోరికైతే డ్రమ్ము చేయించుకోండి. డాబా మీద, నలుగురికి మించని ఇంట్లో, వారానికోసారి కాల్చుకుంటూ అప్పుడప్పుడు పొగ పెట్టుకుంటే చాలనుకుంటే కెటిల్ కొనుక్కోండి, బాధపడరు. అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం రెండూ వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మూసిన చోట ప్రాణం తీస్తుంది.

ఏది తీసుకున్నా దానితోపాటు మాంసంలోకి గుచ్చే థర్మామీటర్ కొనండి. మూత మీద ఉండే థర్మామీటర్ ముల్లు జాలి దగ్గరి వేడినే సరిగా చూపించదు, మాంసం లోపలి వేడిని అసలే చూపించదు. మొదటిసారి మటన్ జోలికి వెళ్ళకండి. మన మేకపోతు మాంసంలో కొవ్వు తక్కువ, అనుభవం లేకపోతే ఎండిపోతుంది. ముందురోజు రాత్రి ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టిన కోడి కాళ్ళతో మొదలుపెట్టండి. వేడి 135కి కాస్త పైనే ఉంచండి, తక్కువైతే తోలు రబ్బరులా సాగుతుంది. పొగకి ఎండిన మామిడి గాని జామ గాని రెండు చిన్న ముక్కలు చాలు, ప్యాకింగ్ చెక్కలు, ప్లైవుడ్ వద్దు. పొద్దున్నే సముద్రం గాలి లేవకముందు వెలిగిస్తే పని తేలిక. లోపల 74 డిగ్రీలు దాటితే చికెన్ ఉడికినట్టే, కాళ్ళు 80 దాటేదాకా ఉంచితే ఇంకా మెత్తగా ఉంటాయి. అయిపోయాక రంధ్రాలన్నీ, మూతతో సహా, మూసేయండి. నిప్పు ఆరిపోయి మిగిలిన బొగ్గు మళ్ళీ వంటకి పనికొస్తుంది.