ట్రాప్‌కు ఏ తుపాకీ కొనాలి? తొమ్మిదేళ్లు బెరెట్టా 682 వాడిన అనుభవంతో

నంద్యాలలో ఉండే మా మేనల్లుడికి ట్రాప్ షూటింగ్ మీద మనసు పడింది, అంటే యంత్రం గాల్లోకి విసిరే క్లే అనే బిళ్లలను తుపాకీతో పగలగొట్టే ఆట. లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అది ఇంకా చేతికి రాలేదు, రోజూ సాయంత్రం ఫోను: "మామా, పెరాజ్జీ మంచిదా, బెరెట్టా మంచిదా?" రెండూ తుపాకీ కంపెనీల పేర్లే. వాడికి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక్కచోట రాస్తున్నా. మన కర్నూలు, నంద్యాల వైపు నుంచి ఈ ఆటలోకి వచ్చే ఇంకెవరికైనా పనికొస్తుంది.

ముందు 2013లో నేను చేసిన తప్పు చెప్పాలి. మా తాత కాలం నుంచి ఇంట్లో పంట కాపలాకు పక్కపక్క గొట్టాల 12 బోర్ ఉండేది. తుపాకీ అంటే నాకు తెలిసింది అదే. అందుకే పోటీలకని కొనేటప్పుడు కూడా చేతికి తేలికగా, చూడ్డానికి ముచ్చటగా ఉన్నదాన్ని తెచ్చుకున్నా. మూడు కిలోలకు కాస్త ఎక్కువ, 28 అంగుళాల గొట్టాలు. పొలం గట్ల మీద మోసుకుని తిరగడానికి అది సుఖమే. ట్రాప్ అలాంటిది కాదు. రౌండుకు 25 క్లేలు, ఒక్కో క్లేకు రెండు తూటాలు పేల్చొచ్చు, పెద్ద పోటీల్లో క్వాలిఫికేషన్‌కే 125 క్లేలు. మూడో రౌండుకల్లా నా భుజం కమిలి నల్లబడేది. నాలుగో రౌండులో ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయేవి. దెబ్బ పడుతుందని ఒళ్లు ముందే బిగుసుకునే ఆ అలవాటు వదిలించుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తుపాకీ బరువుంటే తన్ను తగ్గుతుంది. ట్రాప్‌కు మూడున్నర కిలోల పైమాటే చూసుకోండి. పోటీల్లో తూటాకు 24 గ్రాముల చెర్రలకు, అంటే లోపలి సన్న గుండ్లకు, మించకూడదని నియమం ఉంది కాబట్టి, ప్రాక్టీసుకు కూడా 28 గ్రాములవి వాడి భుజాన్ని చంపుకోవద్దు.

2016లో, ఆట మానేసిన ఒక షూటర్ దగ్గర బెరెట్టా 682 తీసుకున్నా. ఒక గొట్టం మీద ఇంకో గొట్టం ఉండే రకం, 30 అంగుళాలు. మంచి పాత ట్రాక్టరు వచ్చేంత డబ్బయింది. ఇప్పటికి తొమ్మిది వేల తూటాలకు పైనే పేల్చి ఉంటా. మడిచి తెరిచే చోట అడ్డంగా కడ్డీ ఉండదు, రెండు పక్కలా చిన్న బొడిపెల మీద గొట్టాలు తిరుగుతాయి. అందుకే యాక్షన్, అంటే గొట్టాల వెనకుండే ఇనుప భాగం, లోతు తక్కువ, గొట్టాలు ముందు చేతికి దగ్గరగా కూర్చుంటాయి. ఎడమ చెయ్యి చూపించిన వైపుకే తుపాకీ పోతుంది. ఈ గుణం నాకు ప్రాణం.

కానీ మొదటి ఆర్నెల్లు దీంతో కూడా 25కి 13, 14 దాటలేదు. తప్పు తుపాకీది కాదు. అమ్మినాయన ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల ఆరు. స్టాక్, అంటే భుజానికి ఆనే కట్టె, దాని పొడవు ఆయన చేతులకు సరిపోయింది. నేను భుజానికి ఎత్తుతుంటే చంక దగ్గర చొక్కాకు తగులుకునేది. చెంప ఆనించాక గొట్టం మీది పట్టీ, రిబ్ అంటాం, అది కనపడేదే కాదు, వెనక ఇనుము మాత్రమే కనపడేది. షాట్‌గన్‌కు వెనక గురి ఉండదు. మన కన్నే వెనక గురి. కన్ను ఒక్క మిల్లీమీటరు దిగితే అక్కడ 35 మీటర్ల దూరంలో చెర్రలన్నీ దాదాపు రెండు వేళ్ల వెడల్పు కిందికి పోతాయి.

రేంజిలో పాత పేపర్లు అతికించిన చట్రాన్ని 35 మీటర్ల దూరంలో పెట్టి పేల్చి చూస్తే గుట్టు బయటపడింది. చిల్లులు దాదాపు అన్నీ గుర్తుకు కిందే. ట్రాప్‌లో క్లే పైకి లేస్తూ పోతుంది కాబట్టి సగానికంటే ఎక్కువ చెర్రలు గుర్తుకు పైన పడాలి, పదింట ఆరు పైన, నాలుగు కింద. అప్పుడే క్లేను గొట్టంతో కప్పేయకుండా చూస్తూ కొట్టగలం.

గొట్టాలూ యాక్షనూ బీరువాలో పెట్టి తాళం వేసి, విప్పిన కట్టె మాత్రం చేతిలో పట్టుకుని కర్నూలు పాతబస్తీలో ఒక ఆచారి దగ్గరికి పోయినా. ఆయన దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, బొటనవేలితో నరం వెంట రాసి చూసి, "ఇది అక్రోటు కట్టెన్నా, టేకు మాదిరి మన మాట వినదు. తొందరపడితే పెచ్చు లేస్తుంది" అన్నాడు. కోసే గీత చుట్టూ టేపు బిగించి చుట్టి, సన్నపళ్ల రంపంతో చాలా నిదానంగా 18 మిల్లీమీటర్లు తీశాడు. వెనక రబ్బరు ప్యాడ్ కూర్చోబెట్టడానికి ఇంకో రెండు గంటలు బరకకాగితంతో రుద్దాడు. చెంప ఆనే చోట నేనే పలచటి తోలు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికిస్తూ పోయినా. నాలుగో పొర వేశాక రిబ్ మీద గురి కోసం ఉండే ముందు గుండు, మధ్య గుండు ఒకదాని మీద ఒకటి నిలబడి 8 అంకెలా కనపడ్డాయి. ఆ తర్వాతి రెండు నెలల్లో స్కోరు 20 దాటింది. ఇప్పుడు మంచి రోజున 22 వస్తుంది.

నా మేనల్లుడి ప్రశ్నకు నా జవాబు ఇదే. పెరాజ్జీ గొప్పదే. 1968 మెక్సికో ఒలింపిక్స్ కోసం పుట్టిన ఎంఎక్స్8లో ట్రిగ్గర్ మొత్తాన్ని ఊడదీయొచ్చు, పోటీ మధ్యలో స్ప్రింగు పోతే ఇంకోటి పెట్టుకుని ఆడొచ్చు. నా 682లో ఆ సౌకర్యం లేదు. అయినా నీ ఒంటికి కుదరని పెరాజ్జీ కంటే కుదిరిన మామూలు తుపాకీ ఎక్కువ క్లేలు పగలగొడుతుంది. సెకండ్ హ్యాండులో స్టాక్ సరిచేయడానికి కట్టె మిగిలి ఉందా అని చూసుకో, పేరు తర్వాత. ఒకేసారి రెండు క్లేలు విసిరే డబుల్ ట్రాప్ 2016 తర్వాత ఒలింపిక్స్‌లో లేదు కాబట్టి ఆ ఆటకు వాడిన తుపాకులు కూడా అమ్మకానికి వస్తుంటాయి. వాటిలో కింది గొట్టం చోకు, అంటే మూతి దగ్గరి ఇరుకు, ఎంత బిగువో కొలిపించుకో. ట్రాప్‌కు కింద ముప్పావు చోకు, పైన ఫుల్ చోకు నాకు సరిపోయాయి. స్కీట్, అంటే రెండు పక్కల నుంచి అడ్డంగా వచ్చే క్లేలను కొట్టే ఆట, ఆడాలంటే మాత్రం ట్రాప్ తుపాకీ జోలికి పోవద్దు. స్కీట్ చోకులు వదులు, స్టాక్ తీరే వేరు.

మన ఊళ్ల సంగతి కూడా చెప్పాలి. కర్నూల్లో నేను ట్రాప్ ఆడే చోటు లేదు. తెల్లవారుజామున నాలుక్కి బయల్దేరి, తుంగభద్ర దాటి, పుల్లూరు టోల్ మీదుగా గచ్చిబౌలి రేంజికి 200 కిలోమీటర్లకు పైనే. నెలకోసారి పోతే గొప్ప. మిగతా రోజులు ఇంట్లో ఖాళీ తుపాకీని రెండుసార్లు తెరిచి చూసుకుని, గోడా పైకప్పూ కలిసే గీత వెంట గొట్టం నడిపించడమే సాధన. రోజుకు యాభై సార్లు.

ఏప్రిల్, మేలలో మన ఎండకు ఎర్రమట్టి దుమ్ము తోడైతే గ్రీజు మరీ పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే దుమ్ము కలిసి బరకకాగితంలా అరగదీస్తుంది. ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో అప్పజెప్పమంటారు. 2019లో నూనె రాయకుండా ఇచ్చేసినా, తిరిగొచ్చేసరికి రిబ్ మీద తుప్పు మచ్చ. అది ఇప్పటికీ ఉంది. 2024లో లోపలా బయటా నూనె పట్టించి, పాత నూలుగుడ్డ చుట్టి ఇచ్చినా. మచ్చ లేకుండా వచ్చింది.

మొన్న సంక్రాంతికి మేనల్లుడు ఇంటికొచ్చాడు. ముందు కన్ను చూద్దాం రా అన్నా. రెండు అరచేతులు కలిపి మధ్యలో చిన్న సందు పెట్టి, చేతులు చాచి గోడగడియారం చూడమన్నా. కుడి కన్ను మూస్తే గడియారం అక్కడే ఉంది. ఎడమ కన్ను మూస్తే మాయమైంది. మూడుసార్లు చేయించినా అంతే. కుడిచేతి వాటం పిల్లోడు, గురిని ఏలేది ఎడమ కన్ను. కుడి భుజానికి పెడితే వాడి గురి ఎప్పుడూ ఎడమ పక్కకు పోతుంది, కుడిచేతి వాళ్ల కోసం పక్కకు వంచిన నా స్టాక్ వాడికి పనికిరాదు. తుపాకీల మాట పక్కన పెట్టి, ప్రస్తుతం అద్దం ముందు నిలబడి దుడ్డుకర్రను ఎడమ భుజానికి ఎత్తడం నేర్చుకుంటున్నాడు.