‘ఐఐటీ ప్రొఫెసర్ల కోర్సు’ అని 18,500 అడుగుతున్నారా? కట్టేముందు ఇది చదవండి

అనంతపురంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న వాళ్ళు, కర్నూలు, కడప వాళ్ళు కూడా, కాస్త చూడండి. ఫంక్షన్ హాల్లో ‘ఉచిత సైన్స్ ఉపన్యాసం’ పెట్టి, అది అయిపోయినాక టేబుల్ దగ్గర కోర్సు అంటగట్టే బ్యాచ్ ఒకటి తిరుగుతోంది. మా చిన్నాయన దగ్గర 18,500 రూపాయలు కట్టించుకున్నారు. వినియోగదారుల కమిషన్‌కు పోతున్నాం కాబట్టి సంస్థ పేరు ఇక్కడ రాయను. రాసినా పెద్దగా లాభం లేదు, పేరు మార్చడానికి వాళ్ళకయ్యేది ఒక ఫ్లెక్సీ ఖర్చే.

ఉపన్యాసం బాగానే ఉందంట. చంద్రయాన్-3 దిగిన వీడియో, క్వాంటమ్ కంప్యూటర్లు, ఏఐ వస్తే ఎవరి ఉద్యోగాలు పోతాయనే భయం కొంచెం. ఆ తర్వాత తండ్రుల్ని ఒక పక్క, పిల్లల్ని ఇంకో పక్క కూర్చోబెట్టి మాట్లాడినారు. చిన్నాయనది తాడిపత్రి దగ్గర చీనీ తోట. ‘మీవాడు ఐఐటీకి పోలేకపోయినా ఐఐటీనే మీ ఇంటికొస్తుంది సార్’ అన్నారంట. ఈరోజు చేరితేనే ఈ ధర, రేపైతే ముప్పై వేలు. చేతిలో అంత లేదంటే ఫోన్లోనే ఈఎంఐ పెట్టించినారు.

చిన్నాయన కొడుకు, మావాడు, ఇంజినీరింగ్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం. ఆ యాప్ తెరిచి నా పక్కనే కూర్చుని చూపించినాడు. మొదటి పాఠం ఆడుతూనే నాకు అర్థమైపోయింది. ఆ సారు, ఆ గొంతు, ఆ బోర్డు నాకు బాగా తెలుసు, బీటెక్‌లో సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ నేను పాసైంది ఆ పాఠాలతోనే. ఐఐటీలు ఊరికే ఇచ్చే ఎన్‌పీటీఈఎల్ వీడియోలు అవి. మూలలో ఉండే గుర్తు కనపడకుండా బొమ్మను పెద్దది చేసినారు. అలా చేసేసరికి బోర్డు కుడి అంచు తెగిపోయింది. ఫోరియర్ సిరీస్ చేసేటప్పుడు చివరి పదం తెర దాటి పోతుంది, వీడు నోట్సులో అక్కడ ఖాళీ వదిలేసి పెట్టుకున్నాడు. సారేమో ‘పోయిన వారం ఇచ్చిన అసైన్‌మెంట్’ అంటాడు, యాప్‌లో అసైన్‌మెంట్ అన్నదే లేదు. యూట్యూబ్‌లో పాఠం పేరు కొట్టి చూపించినాను. అదే చొక్కా, అదే సుద్దముక్క, బోర్డు మాత్రం పూర్తిగా ఉంది. కింద సబ్‌టైటిల్స్ కూడా.

తెలియని వాళ్ళ కోసం రెండు మాటలు. ఎన్‌పీటీఈఎల్‌ను 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి కేంద్ర ప్రభుత్వ డబ్బుతో మొదలుపెట్టినాయి. మనలాంటి ఊర్లలో చదివే పిల్లలకు మంచి పాఠం అందాలనే పెట్టినారు. వీడియోలు ఎవరైనా, ఎప్పుడైనా ఊరికే చూడొచ్చు. 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటు ‘స్వయం’లో కోర్సులుగా కూడా నడుస్తున్నాయి, జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి. చేరడానికి పైసా అక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం పరీక్షకు ఫీజు కట్టాలి, అది కోర్సుకు సుమారు వెయ్యి రూపాయలు. చిన్నాయన కట్టినదాంతో వీడు డిగ్రీ అయిపోయేదాకా పరీక్షలు రాసుకోవచ్చు.

వాళ్ళ ప్యాకేజీలో ‘అమెరికా యూనివర్సిటీ పాఠాలు’ అని ఇంకో భాగం ఉంది. తెరిస్తే ఎంఐటీలో గిల్బర్ట్ స్ట్రాంగ్ 1999లో చెప్పిన లీనియర్ ఆల్జీబ్రా. ఎంఐటీ తన పాఠాలు పెట్టే సైటు ఓపెన్ కోర్స్‌వేర్‌లో చాలా ఏళ్ళుగా ఉచితంగా ఉన్నవే. వాటిని పంచుకోవచ్చు గానీ వ్యాపారానికి వాడకూడదనీ, ఎవరివో పేరు చెప్పాలనీ ఎంఐటీ లైసెన్స్‌లోనే ఉంది. వీళ్ళు ఆ పెద్దాయన పేరే తీసేసినారు. నిజం చెప్పాలంటే డబ్బు కంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే.

సర్టిఫికెట్ సంగతి ఇంకా ఘోరం. ‘ఐఐటీ సిలబస్ ప్రకారం’ అని చిన్న అక్షరాల్లో, ‘ఐఐటీ’ అని పెద్ద అక్షరాల్లో వేసి వాళ్ళే అచ్చు వేసుకున్నారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వాళ్ళ సైటే తెరుచుకుంటుంది. అసలు ఎన్‌పీటీఈఎల్ సర్టిఫికెట్ రావాలంటే వారం వారం అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్‌కు పోయి రాసే పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. ఇంట్లో వీడియో చూసినంత మాత్రాన ఎవరూ ఇవ్వరు. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్ అయితే సర్టిఫికెట్లే ఇవ్వదు.

ఈ కోర్సుకు వచ్చే క్రెడిట్లు (సబ్జెక్టు పాసైతే ఇచ్చే పాయింట్లు) కాలేజీ మార్కుల్లో కలుస్తాయని కూడా చెప్పినారు. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా ఆన్‌లైన్‌లో చేయొచ్చు, నిజమే. అది స్వయంలో ఉన్న కోర్సులకు, అదీ మన యూనివర్సిటీ ఒప్పుకున్న వాటికే. ప్రైవేటు యాప్‌కు ఆ లెక్క లేదు. కాలేజీలో ఎన్‌పీటీఈఎల్ వ్యవహారం చూసే సార్‌ను అడిగితే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది.

అదే టేబుల్ మీద ‘ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బీటెక్’ కరపత్రం కూడా ఉంది. దాన్ని ముట్టుకోకండి. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇంజినీరింగ్ పట్టాలిచ్చిన డీమ్డ్ యూనివర్సిటీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2001-05 బ్యాచ్‌ల డిగ్రీలను ఆపి పెట్టి మళ్ళీ పరీక్ష రాయమంది, ఆ తర్వాత చేరినవాళ్ళవి రద్దే చేసింది.

ఇక ఈఎంఐ. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. ‘నెలనెలా ఫీజు’ అంటారు గానీ అది ఫీజు కాదు, వేరే ఫైనాన్స్ సంస్థ ఇచ్చిన అప్పు. మీరు ఓటీపీ చెప్పినాక ఆ డబ్బు కోర్సు వాళ్ళకు పోతుంది, బాకీ మీ పేరున మిగులుతుంది. కోర్సు మానేసినా అప్పు మానదు. బ్యాంకులో ఆటో డెబిట్ ఆపిస్తే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, మా చిన్నాయనకు రేపు పంట లోను కావాలన్నా అదే అడ్డం. ఇలాంటి డిజిటల్ లోన్లలో ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన. ఆ గడువు లోపల అసలు, అప్పు ఉన్నన్ని రోజులకు వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఎన్ని రోజులో లోన్ కాగితంలో ఉంటుంది. ఆ కాగితం పీడీఎఫ్ చిన్నాయన ఈమెయిల్‌కు వచ్చిందంట, ఆ ఈమెయిల్ పెట్టింది కూడా టేబుల్ దగ్గర కూర్చున్న పిల్లోడే.

ఉపన్యాసాలంటేనే మోసమని మాత్రం అనుకోకండి. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి కాలేజీల్లో, యూనివర్సిటీల్లో మంచి మంచి ఉపన్యాసాలు జరుగుతాయి. బెంగళూరు అనంతపురానికి విజయవాడ కంటే దగ్గర, అక్కడ ఐసీటీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్ళ ‘కాపి విత్ క్యూరియాసిటీ’ ఉపన్యాసాలకు ప్రవేశం ఉచితం, వీడియోలు యూట్యూబ్‌లో పెడతారు. మాట్లాడేది ఎవరో, ఎక్కడ పనిచేస్తారో ముందే చెప్తారు. మావాడు పోయిన హాల్లో మాట్లాడినాయన్ను ‘ప్రముఖ శాస్త్రవేత్త’ అన్నారు, ఏ సంస్థలోనో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇప్పటికే కట్టినవాళ్ళుంటే రసీదు, లోన్ కాగితం, వాట్సాప్ మాటలు, యాప్ వీడియో, అసలు వీడియో పక్కపక్కన పెట్టిన స్క్రీన్‌షాట్లు దాచుకోండి. కోర్సు వాళ్ళకూ లోన్ వాళ్ళకూ ఇద్దరికీ రాతపూర్వకంగా పంపండి, ఫోన్లో మాట్లాడి వదిలేయొద్దు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, ఫిర్యాదులో వాటిని ప్రస్తావించండి. 2019 వినియోగదారుల చట్టం వచ్చినాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, వాళ్ళ ఆఫీసు హైదరాబాదులో ఉన్నా సరే. అయిదు లక్షల లోపు కొనుగోలుకు కమిషన్‌లో ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. మేము నోటీసు పంపినాం, సగం వెనక్కిస్తామని ఫోన్ చేసినారు. మొత్తం ఇమ్మన్నాం, లోన్ క్లోజ్ చేసిన లెటర్‌తో సహా. ఇదే హాల్లో ఇదే బ్యాచ్‌కు కట్టినవాళ్ళు మీలో ఉంటే కామెంట్లో చెప్పండి, ఫిర్యాదులు కలిపి వేద్దాం.