చివరి వరసలో ఒక్క సీటు

మంగళవారం పొద్దున ఏడున్నరకి ఫోన్ వచ్చింది. ఆ రోజు పెట్టుకున్న పని గురువారానికి వాయిదా పడిందట. సెలవు అప్పటికే తీసుకున్నాను, వెనక్కి ఇచ్చేయబుద్ధి కాలేదు. ఇంట్లో ఎవరికీ తీరిక లేదు. ఇద్దరు స్నేహితులకి మెసేజ్ పెడితే ఇద్దరూ ఆఫీసుకి వెళ్లే దారిలో ఉన్నారు. ఎవరైనా తోడొస్తే చూద్దాంలే అని కొన్నేళ్లుగా దాటేస్తూ వచ్చిన అమ్యూజ్‌మెంట్ పార్కు ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎవరి కోసమూ ఆగకుండా ఫోన్లోనే టికెట్ కొనేసి పావుగంటలో ఇల్లు దాటాను.

పెద్ద పార్కులో ఒక్కళ్లమే ఏం చేస్తాం అన్న టెన్షన్ గేటు దాకా ఉంది. తెరవడానికి ఇరవై నిమిషాల ముందు చేరాను. గేటు బయటి నుంచే రోలర్ కోస్టర్ల ఖాళీ రైళ్లు పట్టాలమీద తిరుగుతూ కనిపించాయి. రోజూ జనాన్ని ఎక్కించే ముందు సిబ్బంది పట్టాలు, చక్రాలు, సీటు తాళాలు చూసుకుని, మనుషులు లేకుండా కొన్ని చుట్లు తిప్పుతారు. సీట్లన్నీ ఖాళీగా ఆ ఎత్తు మీంచి దూకేస్తున్న రైలుని చూస్తుంటే టెన్షన్ పోయి ఆత్రం మొదలైంది.

గేటు తీయగానే జనమంతా కళ్ల ముందు కనబడే మొదటి రైడ్ దగ్గర ఆగిపోయారు. నేను ఆగకుండా నడిచి పార్కు చివరికి వెళ్లాను. రోజు మొత్తానికి బాగా పనికొచ్చిన నిర్ణయం ఇదే. మొదటి గంటలో ఒక్కో రైడ్‌కి పది నిమిషాలు కూడా ఆగలేదు. అదే మధ్యాహ్నం అక్కడే గంట పైన పట్టే క్యూలు కనబడ్డాయి. పక్కనే ఉన్న హోటల్లో దిగిన వాళ్లని అరగంట ముందు లోపలికి పంపుతున్నారు. చిన్న పిల్లలతో రెండు రోజులు ఉండాలనుకునే వాళ్లకి ఆ అరగంట విలువైనదే. నాలా ఒక్క రోజుకి వచ్చే మనిషికి పొద్దున్నే లేచి రావడం చాలు, గది అక్కర్లేదు.

మొదట ఎక్కింది ఇన్వర్టెడ్ కోస్టర్. అంటే పట్టా తల మీద ఉంటుంది, సీటు దానికి వేలాడుతుంది, కాళ్ల కింద ఏమీ ఉండదు. ఈ రకంలో మొదటిది 1992లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో మొదలైన బ్యాట్‌మన్ ద రైడ్. దీన్ని ఎక్కితే ముందు వరసలోనే ఎక్కాలి, అందుకోసం ఇంకో పది నిమిషాలు ఆగినా సరే. వెనక వరసల్లో కూర్చుంటే ముందున్న వాళ్ల సీట్లే కళ్లకి అడ్డం. ముందు వరసలో నేల మీదకొచ్చి, పక్కకి తిరిగి, ఆకాశమై, మళ్లీ నేల అవుతుంది. చెప్పుల రైడ్ కాదిది, గట్టిగా కట్టుకునే బూట్లు వేసుకోవాలి. నా ముందున్న ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కబోతే సిబ్బంది ఆపి పక్కన పెట్టించారు.

అందులో రైలు తలకిందులుగా చుట్టు తిరిగే లూప్ దగ్గర నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. దూరం నుంచి చూస్తే గుండ్రంగా ఉన్నట్టే ఉంటుంది కానీ నిజానికి అది తలకిందులుగా పెట్టిన నీటి బొట్టు ఆకారం. కింద రైలు వేగంగా ఉంటుంది కాబట్టి అక్కడ వంపు వెడల్పుగా, పైకెళ్లే కొద్దీ వేగం తగ్గుతుంది కాబట్టి అక్కడ వంపు బిగుతుగా కడతారు. 1895లో న్యూయార్క్‌లోని కోనీ ఐలాండ్‌లో కట్టిన ఫ్లిప్ ఫ్లాప్ రైల్వేలో లూప్ పూర్తి వృత్తంగా ఉండేది. అందులోకి ఎక్కే చోట బరువంతా ఒక్కసారి మీద పడి జనం మెడలు పట్టేసేవి. అది ఎంతోకాలం నడవలేదు. 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్‌లో వచ్చిన రివల్యూషన్‌తో ఈ నీటి బొట్టు లూప్ నిలదొక్కుకుంది. దాని వెనక ఉన్నవాళ్లు జర్మనీకి చెందిన ఆంటన్ ష్వార్జ్‌కాఫ్, వెర్నర్ స్టెంగెల్. తలకిందులైన ఆ క్షణంలో నాకు పడిపోతానన్న భావనే రాలేదు. సీటే నన్ను మెత్తగా పట్టుకుని ఉంది. ఇంత మెత్తదనాన్ని లెక్కలు వేసి సాధించిన వాళ్లమీద గౌరవం కలిగింది.

తర్వాత చెక్క కోస్టర్. పొద్దున పటంలో చూసినప్పుడు దీనిమీద పెద్ద ఆశ లేదు. ఎత్తు తక్కువ, లూపులు లేవు, పాతగా కనిపిస్తుంది. క్యూలో ఇరవై మంది కూడా లేరు. సీట్లో కూర్చున్నాక తొడలమీదకి ఒక్క బార్ వచ్చి ఆగింది. భుజాలమీద ఏమీ లేదు. రైలు గొలుసు పట్టుకుని పైకి ఎక్కుతుంటే టకటకటకమని ఆ చప్పుడు. చాలామంది అది గొలుసు చప్పుడనుకుంటారు. కాదు, రైలు అడుగున ఉన్న ఇనుప నాలుక పట్టా పక్కనున్న పళ్లమీద ఒక్కొక్కటిగా పడే చప్పుడు. గొలుసు తెగినా రైలు వెనక్కి జారకుండా ఆ పళ్లే ఆపుతాయి. భయం పుట్టించే ఆ చప్పుడే మనల్ని కాపాడేది కూడా.

మొదటిసారి మధ్యలో కూర్చున్నాను, బాగుంది. రెండోసారి చివరి వరసలో కూర్చున్నాను. అప్పుడు అర్థమైంది ఈ రైడ్ ఏమిటో.

కొండ దాటేటప్పుడు ముందు పెట్టె అంచు మీద నెమ్మదిగా ఒరుగుతుంది, వెనకున్న బరువంతా దాన్ని పట్టి ఉంచుతుంది. చివరి పెట్టె అంచుకి వచ్చేసరికి మిగతా రైలంతా కిందకి దూకేసి ఉంటుంది, దీన్ని లాక్కుపోతుంది. ఒళ్లు సీట్లోంచి పైకి లేస్తుంది, తొడలమీది బారొక్కటే ఆపుతుంది. దీన్ని ఎయిర్‌టైమ్ అంటారు. కడుపులో ఖాళీ, చెవుల్లో చెక్క దడదడ, ఆ రెండు క్షణాలు మనసులో ఏ ఆలోచనా ఉండదు. పట్టా విడిచి రైలు ఎగిరిపోకుండా పై చక్రాలు, పక్క చక్రాలతో పాటు పట్టా కింద ఇంకో వరస చక్రాలుంటాయి. అమెరికా డిజైనర్ జాన్ మిల్లర్ 1919లో వీటికి పేటెంటు తీసుకున్నాడు. 1884లో లామార్కస్ థామ్సన్ కోనీ ఐలాండ్‌లో నడిపిన స్విచ్‌బ్యాక్ రైల్వే గంటకి పది కిలోమీటర్ల వేగంతో, ఎద్దుల బండి కన్నా కాస్త జోరుగా పోయేది. అక్కడి నుంచి ఇంత నిటారుగా దూకే ధైర్యం వచ్చిందంటే కళ్లకి కనబడని ఆ కింది చక్రాల వల్లే.

ఒంటరిగా రావడం ఎందుకు మంచిదో ఆ రెండో చుట్టుకే తెలిసింది. వెంట ఎవరైనా ఉంటే ఎక్కిందే మళ్లీ ఎక్కుదామంటే మొహమాటం. పార్కంతా చూడాలి కదా అంటారు. నాకు చూడాలని లేదు, ఇదే మళ్లీ ఎక్కాలని ఉంది. నాలుగోసారి ఎక్కాకే అక్కడి నుంచి కదిలాను.

పార్కు గొప్పగా చెప్పుకునే లాంచ్ కోస్టర్ దగ్గర వంద నిమిషాలని బోర్డు పెట్టారు. దీనికి గొలుసు ఉండదు, పట్టా వెంట అమర్చిన విద్యుదయస్కాంతాలు రైలుని ఒక్కసారిగా విసురుతాయి. సింగిల్ రైడర్ అని పక్కన చిన్న దారి ఉంది. జట్లు జట్లుగా వచ్చినవాళ్లు కూర్చున్నాక మిగిలిపోయే ఒక్కో సీటుని ఈ దారిలో వచ్చినవాళ్లతో నింపుతారు. నాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది. ఈ దారి ఉన్న పార్కుని ఒంటరి మనిషి కళ్లు మూసుకుని ఎంచుకోవచ్చు. నష్టం ఒకటే, వరస మన చేతిలో ఉండదు.

పక్క సీట్లో పదేళ్ల కుర్రాడు ఉన్నాడు. వాళ్ల నాన్న, అక్క ముందు వరసలో కూర్చున్నారు. బార్ పడగానే వాడి చేతులు దానిమీద బిగుసుకుపోయాయి.

"మీరు ఇంతకు ముందు ఎక్కారా?" అని అడిగాడు.

"లేదు, ఇదే మొదటిసారి."

"భయంగా ఉందా?"

"ఉంది. తల సీటుకి ఆనించి ఉంచు, అరవాలనిపిస్తే అరిచేయ్. నేనూ అరుస్తాను."

ఇద్దరం అరిచాం. దిగాక వాడు వాళ్ల నాన్న దగ్గరికి పరుగెత్తి, మధ్యలో ఆగి, నాకు చెయ్యి ఊపాడు. ఆ రైడ్ నాకు గుర్తుండేది వాడి వల్లే. రైడ్‌గా చూస్తే మొదటి మూడు సెకన్లు అద్భుతం, ఆ తర్వాత చెప్పుకోదగ్గ మలుపు లేదు. వంద నిమిషాలు నిలబడి ఎక్కేంత లేదనే నా అభిప్రాయం. చివర ఆగే తీరు మాత్రం ఎంత బాగుందో! ఎక్కడా రాపిడి లేదు. అయస్కాంతాల మధ్యలోంచి లోహపు రెక్క దూసుకెళ్తే దానిలో పుట్టే విద్యుత్తే వేగాన్ని అణిచేస్తుంది. కరెంటు పోయినా ఈ బ్రేకులు పనిచేస్తాయి.

నాలుగోది భుజాలమీదకి గట్టి కడ్డీలు దిగే పాత స్టీల్ కోస్టర్. ప్రతి మలుపులో చెవులు కడ్డీలకి కొట్టుకున్నాయి. ఒక్కసారితో సరి.

సేవల్లో నన్ను నిజంగా బాధపెట్టింది లాకర్లు. జేబులో ఏదీ ఉంచుకోకూడదన్న నియమం సబబైనదే. ఆ వేగంలో జారిన ఫోన్ కిందున్న మనిషికి రాయి దెబ్బే. కానీ ప్రతి రైడ్ దగ్గరా వేరే లాకరు, ప్రతిసారీ క్యూ. లాంచ్ కోస్టర్ దగ్గర నా లాకరు తెరుచుకోలేదు. తాళం తీసే మనిషి రావడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. ఫోన్, పర్సు, బండి తాళం అన్నీ లోపలే. తోడు లేని మనిషికి అది చిన్న ఇబ్బంది కాదు, కనీసం ఎవరికైనా చెప్పడానికి ఫోన్ కూడా చేతిలో లేదు. వచ్చినతను పాపం క్షమించమని అడిగాడు. తప్పు అతనిది కాదు, అంత పెద్ద పార్కుకి ఆ పనికి అతనొక్కడినే పెట్టిన వాళ్లది. జిప్పున్న చిన్న నడుం సంచి ఉంటే చాలా రైడ్‌లకి సరిపోయేదని అప్పుడు తెలిసింది, కొన్ని చోట్ల దాన్ని అనుమతిస్తున్నారు.

అదే పార్కులో చెక్క కోస్టర్ సిబ్బందిని ఎంత మెచ్చుకున్నా తక్కువే. నలుగురే ఉన్నారు. ఇద్దరు బార్లు లాగి చూస్తున్నారు, ఒకరు జనాన్ని వరసల్లో నిలబెడుతున్నారు, ఒకరు మీటల దగ్గర. రైలుకి ఇరవై నాలుగు సీట్లు. నా గడియారం ప్రకారం తొంభై సెకన్లకి ఒక రైలు కదిలింది, అంటే గంటకి 960 మంది. లాంచ్ కోస్టర్‌కీ అన్నే సీట్లు, కానీ అక్కడ రైలుకీ రైలుకీ రెండున్నర నిమిషాలు, అంటే 576 మంది. రైడ్ ఎంత గొప్పదైనా మన క్యూ పొడుగు ప్లాట్‌ఫారం మీదున్న ఈ మనుషుల చేతుల్లో ఉంటుంది. వాళ్లు తొందరపడి ఒక్క బార్ కూడా వదిలెయ్యలేదు. రెండుసార్లు నా బార్ లాగి చూశారు.

మూడింటికి మెరుపులు కనిపించి అన్నీ ఆపేశారు. యాభై నిమిషాలు చూరు కింద నిలబడ్డాం. కొందరు గొణుక్కుని వెళ్లిపోయారు. నాకు కోపం రాలేదు, అంత ఎత్తు ఇనుము మీదికి పిడుగుల వేళ మనుషుల్ని పంపకపోవడమే సరైన పని. ఆ ఆగడం ఒంటికి కూడా మంచే చేసింది. పొద్దున్నుంచి నీళ్లు సరిగ్గా తాగలేదు, తల కొంచెం తిరుగుతోంది. రెండు సీసాలు నింపుకుని తాగి, తేలిగ్గా తిని, అరగంట కూర్చున్నాక సర్దుకుంది. గిరగిరా తిప్పే రైడ్‌లు ఆ రోజుకి పూర్తిగా మానేశాను. కోస్టర్ దూకుడుని నా ఒళ్లు తట్టుకుంటుంది, ఒకే చోట తిరగడాన్ని తట్టుకోదు.

వాన వెలిశాక పార్కు సగం ఖాళీ. నేరుగా చెక్క కోస్టర్ దగ్గరికే వెళ్లాను. పొద్దుటి కన్నా అది జోరుగా ఉంది. రోజంతా తిరిగాక చక్రాల బేరింగుల్లో గ్రీజు వేడెక్కి పల్చబడుతుంది, రైలు తేలిగ్గా పరుగెడుతుంది. పొద్దున కాస్త లేచిన చోట ఇప్పుడు పూర్తిగా గాల్లోనే ఉన్నాను. తడి చెక్క వాసన, చెట్ల మధ్య చీకటి పడుతుంటే పట్టా ఎటు పోతుందో కనబడదు.

మూసే ముందు ఎనిమిదోసారి ప్లాట్‌ఫారం మీదికి రైలు వచ్చి ఆగింది. క్యూలో ఎవరూ లేరు. మధ్యాహ్నం నుంచి నన్ను చూస్తున్న అమ్మాయి చివరి వరస దాకా నడిచి వచ్చింది.

"దిగుతారా, ఉంటారా?"

"ఉంటానమ్మా."

బార్ ఒకసారి లాగి చూసి, మీటల దగ్గరున్న అతనికి బొటనవేలు ఎత్తి చూపించింది. ఇరవై మూడు ఖాళీ సీట్లతో, చివర నాతో, రైలు టకటకమంటూ పైకి ఎక్కడం మొదలుపెట్టింది.