సుప్రభాతం, ఏకాంతసేవ: శ్రీవారికి మేలుకొలుపు, పవళింపు

తిరుమలలో శ్రీవారి రోజు సుప్రభాతంతో మొదలై ఏకాంతసేవతో ముగుస్తుంది. రెండింటిలో భక్తుడి స్థానం ఒకటి కాదు.

సుప్రభాతంలో భక్తుడు అర్థించేవాడు. విశ్వామిత్రుడు రాముణ్ణి లేపిన మాటతో మొదలై స్తోత్రం, ప్రపత్తి (శరణు వేడడం), మంగళాశాసనం (శుభం పలకడం) దాకా సాగుతుంది. లేచి మమ్మల్ని కాపాడమన్న వేడుకోలు, శరణాగతి దాని సారం.

ఏకాంతసేవలో ఆ వరస తిరగబడుతుంది. మూలమూర్తికి ప్రతినిధిగా భోగశ్రీనివాసమూర్తి అనే చిన్న వెండి విగ్రహాన్ని మంచం మీద పవళింపజేస్తారు. పాలు, పండ్లు నివేదిస్తారు. అన్నమయ్య వంశమైన తాళ్లపాక వంశీకులు లాలి పాడతారు. భక్త కవయిత్రి తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి ఇస్తారు. ఇక్కడ అడగడం ఉండదు. తల్లి బిడ్డను జోకొట్టినట్టు భక్తుడే దేవుణ్ణి చూసుకుంటాడు. జగత్తును కాచేవాడికి అలసట ఏమిటని కొందరు అడుగుతారు. సేవ ఆయన అవసరం కోసం కాదు, మన వాత్సల్యం కోసం. నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

ధనుర్మాసంలో రెండూ మారతాయి: సుప్రభాతం బదులు ఆండాళ్ తమిళ పాశురాలైన తిరుప్పావై, పవళింపుకు శ్రీకృష్ణుడు.

ఇంట్లో ఒక్కపూటే కుదిరేవారికి రాత్రి లాలినే సూచిస్తాను. సుప్రభాతం సంస్కృతం, అర్థం నేర్చుకోవాలి. అన్నమయ్య జోలపాట తెలుగు, పిల్లలు కూడా వెంటనే అందుకుంటారు.