డూమ్ 2 అసలు లెవెల్స్ కన్నా అభిమానులు కట్టినవే ఎక్కువ ఆడాను: ఏళ్ల వాడకం తర్వాత ఒక సమీక్ష

డూమ్ 2 అనే, రాక్షసులను కాల్చుకుంటూ పోయే పాత కంప్యూటర్ గేమ్ కొంటే వచ్చే లెవెల్స్ 32. అవి ఏనాడో అయిపోయాయి. అయినా ఈ గేమ్ నా ల్యాప్‌టాప్‌లోంచి కదల్లేదు. అందుకు కారణం దాన్ని చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు, ముక్కూమొహం తెలియని అభిమానులు. వాళ్లు సొంతంగా లెవెల్స్ కట్టి, పైసా అడగకుండా వదిలేస్తారు. ఏళ్ల తరబడి అవే ఆడుతున్నాను. కొన్నింటిని నెత్తిన పెట్టుకున్నాను, కొన్నింటిని పది నిమిషాల్లో తిట్టుకుంటూ డిలీట్ చేశాను. ఎవరైనా ఇప్పుడు మొదలుపెడదామనుకుంటే ఎక్కడ దిగాలి, దేని జోలికి పోకూడదు అన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన దగ్గర తొంభైల చివర్లో కంప్యూటర్ సెంటర్లలో, సార్ పక్కకు వెళ్లిన టైములో డూమ్ ఆడినవాళ్లు చాలామందే ఉంటారు. అప్పుడు చేతికందింది ఎక్కువగా మొదటి డూమ్‌లోని మొదటి ఎపిసోడే. 1993 డిసెంబరు 10న ఐడీ వాళ్లు ఉచితంగా పంచుకోమని వదిలింది దాన్నే కదా. ఆ తొమ్మిది లెవెల్సే డూమ్ అనుకుని వదిలేసినవాళ్లకు ఈ రెండో ప్రపంచం ఒకటుందని తెలిసే అవకాశమే లేదు.

అది ఉండటం వెనక ఒక ముందుచూపు ఉంది. 1992లో ఐడీ వాళ్లే చేసిన వూల్ఫెన్‌స్టైన్ 3డీ అనే గేమ్‌ని అభిమానులు విప్పి, లోపలి ఫైళ్లు మార్చి, సొంత లెవెల్స్ చేసుకున్నారు. అది చూసిన ఐడీ ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ కోప్పడకపోగా, తర్వాతి గేమ్‌లో వాళ్ల పని తేలికయ్యేలా చేశాడు. డూమ్‌లో బొమ్మలు, చప్పుళ్లు, మ్యాపులు (అంటే లెవెల్సే) అన్నీ ప్రోగ్రామ్‌తో సంబంధం లేకుండా వ్యాడ్ అనే ఫైల్లో విడిగా ఉంటాయి. మీ వ్యాడ్ ఇంకొకటి పక్కన పెడితే అసలు ఫైల్‌ని ముట్టుకోకుండానే మీ లెవెల్ తెరుచుకుంటుంది. గేమ్ వచ్చిన కొద్ది నెలలకే, 1994లో, అభిమానులే లెవెల్స్ కట్టుకోవడానికి డీఈయూ అనే ఎడిటర్ చేసుకున్నారు. 1997 డిసెంబరు 23న కార్మాక్ సోర్స్ కోడ్ కూడా బయటపెట్టేశాడు. డాస్ వెర్షన్‌లో సౌండ్ లైబ్రరీ బయటివాళ్లది కావడంతో లినక్స్ వెర్షన్ కోడ్ ఇచ్చాడు. ఇవాళ మనం వాడే జీజెడ్‌డూమ్, డీఎస్‌డీఏ-డూమ్ లాంటి పోర్టులన్నీ, అంటే ఇప్పటి కంప్యూటర్లలో డూమ్‌ను నడిపే ప్రోగ్రాములన్నీ, ఆ కోడ్ వంశమే. గేమ్‌ను నడిపే పాత ప్రోగ్రామ్, అంటే ఇంజిన్, ఒకేసారి ఎక్కువ నేలలూ కప్పులూ చూపించాల్సి వస్తే చేతులెత్తేసి ఆగిపోయేది. ఆ పరిమితులు పోర్టుల్లో పోయాయి కాబట్టే ఇప్పటి మ్యాపులు అంత విశాలంగా ఉంటున్నాయి.

సరే, చరిత్ర చాలు. ఆడితే ఎలా ఉంటుంది?

అభిమానికి దొరికే సరుకు చాలా తక్కువ. తొమ్మిది ఆయుధాలు, పదిహేడు రకాలకు అటూఇటూగా రాక్షసులు. హీరో పైకి చూడలేడు, ఎగరలేడు. ఒక గది మీద ఇంకో గది కట్టడం కుదరదు, ఎందుకంటే మ్యాప్ అంతా కాగితం మీద గీసిన ప్లాన్ లాంటిది, ఎత్తుపల్లాలు మాత్రమే పెట్టుకోవచ్చు. అవధానంలో సమస్య ఇస్తారు చూడండి, ఆ పాదం అందరికీ ఒకటే, పూరించేవాడిని బట్టి పద్యం తిరుగుతుంది. ఇక్కడా అదే వరస. కొన్నాళ్లు ఆడాక పేరు చూడకుండానే ఇది ఫలానా వాడి మ్యాప్ అని పసిగట్టడం అలవాటవుతుంది. నేను ఇన్నేళ్లూ దీన్ని వదల్లేకపోవడానికి అసలు కారణం ఇదే. రాక్షసుణ్ని చంపడం కాదు, ఆ రాక్షసుణ్ని అక్కడ నిలబెట్టినవాడి బుర్రతో తలపడటం.

ఆర్చ్‌వైల్‌నే తీసుకోండి. డూమ్ 2లో వచ్చిన బక్కపల్చటి రాక్షసుడు. వాడికి మనం కనబడితే చాలు, చేతులు పైకెత్తి మన మీద మంట రాజేస్తాడు. అది పేలడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. ఆలోపు ఏ స్తంభం వెనకో దూరితే ఏమీ కాదు, దూరకపోతే ఒంట్లో సగానికి పైగా ప్రాణం పోతుంది. పైగా మనం చంపిన శవాలను లేపుతాడు. అసలు గేమ్‌లో వీణ్ని పెద్దగా వాడుకోలేదు. 1996లో ఫైనల్ డూమ్‌లో భాగంగా వచ్చిన ప్లుటోనియా చూడండి. దాన్ని కట్టింది డారియో, మైలో కసాలీ అనే అన్నదమ్ములు. వాళ్లూ అభిమానులుగా మొదలైనవాళ్లే, ఐడీ వాళ్లు పిలిచి డబ్బిచ్చి చేయించుకున్నారు. అందులో పదకొండో మ్యాప్ పేరు హంటెడ్. మొత్తం ఒక చిక్కుదారి, అందులో తిరుగుతున్నది ఆర్చ్‌వైల్స్. తలుపు తీస్తే ఎదురుగా వాడే ఉంటాడా ఉండడా తెలియదు. మూల తిరిగేటప్పుడు మంట చప్పుడు వినబడితే వెనక్కి దూకాలా, ముందుకెళ్లి డబుల్ బ్యారెల్ షాట్‌గన్ మొహాన పేల్చాలా అన్నది ఆ క్షణంలోనే తేల్చుకోవాలి. వాడికున్న ప్రాణం 700, రెండు దెబ్బలకు పోయే రకం కాదు. నిజం చెప్పాలంటే ఆ మ్యాప్‌లో టెన్షన్ తట్టుకోలేక మధ్యలో లేచి టీ తాగొచ్చిన రోజులున్నాయి. డారియో తర్వాత వాల్వ్ అనే గేమ్ కంపెనీలో చేరి వాళ్ల పేరున్న హాఫ్-లైఫ్ గేమ్‌కి పనిచేశాడంటే ఆశ్చర్యమేమీ లేదు.

ఆడి ఆడి ఒక దశలో మ్యాపులను ఎడిటర్‌లో తెరిచి చూడటం మొదలుపెట్టాను. ఇది కూడా చేయమని గట్టిగా చెబుతాను. అల్టిమేట్ డూమ్ బిల్డర్ ఉచితమే. తెరవగానే మొదట కనబడే వింత ఏమిటంటే, మ్యాప్ బయట ఎక్కడో శూన్యంలో ఒంటరి డబ్బాలుంటాయి, వాటి నిండా రాక్షసులు. ఆటలో మనం ఎప్పుడూ అక్కడికి వెళ్లం. మరి వాళ్లు మన గదిలోకి ఎలా ఊడిపడతారు? డూమ్‌లో తుపాకీ చప్పుడు దూరాన్ని బట్టి తగ్గదు, ఒకదానికొకటి అతుక్కున్న గదుల గుండా పాకుతూ పోతుంది. మ్యాప్ కట్టినవాడు ఆ డబ్బాను మనం కాల్పులు జరిపే గదితో ఒకే సెక్టార్‌గా కలిపేస్తాడు. మధ్యలో ఎంత దూరమున్నా ఇంజిన్‌కు అది ఒకే గది. మనం మొదటి గుండు పేల్చగానే వాళ్లు లేస్తారు, కానీ ముందు ఒక అడ్డుగోడ. మనం తాళంచెవి తీసుకోగానే ఆ గోడ దిగుతుంది, వాళ్లు నడుచుకుంటూ, దాటితే ఇంకోచోట తేల్చే టెలిపోర్ట్ గీత దాటతారు, మన వీపు వెనక ప్రత్యక్షమవుతారు. ఇంత కథంతా ఒక్క ఎరుపు తాళంచెవి కోసం. అది చూశాక ఏ గదిలోనైనా తాళంచెవి మరీ తేలిగ్గా కనబడితే నా చెయ్యి దాని మీదకు పోదు, ముందు పారిపోయే దారి చూసుకుంటాను.

ఇక ఏవి ఆడాలి అన్న విషయానికొస్తే, కొత్తవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పే పేరు సైథ్. ఎరిక్ ఆల్మ్ చేసిన 32 మ్యాపులు, 2003లో వచ్చింది. మొదటి పది మ్యాపులు ఒక్కోటీ రెండుమూడు నిమిషాల్లో అయిపోతాయి. ఆఫీసు నుంచి వచ్చి అన్నానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి వేసుకోవచ్చు. ఇరవై దాటాక మాత్రం అదే మనిషి చుక్కలు చూపిస్తాడు. చివరి మ్యాపుల్లో గుంపులు గుంపులుగా మీద పడతారు. అక్కడ ఆపేసినా పోయిందేమీ లేదు, మొదటి ఇరవై ఆడినా కడుపు నిండుతుంది.

గోయింగ్ డౌన్ నాకు అన్నిటికన్నా ఇష్టం. దీన్ని చేసింది సిరియాక్ హారిస్ అనే బ్రిటిష్ యానిమేటర్, విచిత్రమైన వీడియోలతో పేరున్నవాడే. ఒక పెద్ద ఆఫీసు భవనం పైకప్పు మీద మొదలవుతుంది. ప్రతి లెవెల్ లిఫ్టులో మొదలై లిఫ్టులో ముగుస్తుంది, ఒక్కో అంతస్తు దిగుతూ పోతాం. మ్యాపులు చిన్నవే, కానీ నిలబడే జాగా ఉండదు. ఫోటోకాపీ గదులూ డెస్కులూ ఉన్న ఆఫీసు మెల్లిమెల్లిగా నరకంగా మారుతుంటే, రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషిగా నాకు నవ్వొచ్చింది, కాస్త ఒళ్లు కూడా జలదరించింది. చమత్కారం ఉన్న మ్యాపులు చాలా అరుదు. ఇందులో అది పుష్కలంగా ఉంది.

కళ్లకు పండగ కావాలంటే ఎవిటర్నిటీ. డూమ్‌కు పాతికేళ్లు నిండిన రోజున, 2018 డిసెంబరు 10న వచ్చింది. ఐదేసి మ్యాపుల చొప్పున ఆరు అధ్యాయాలు, పైన రెండు రహస్య మ్యాపులు. ఒక అధ్యాయం మంచు నీలంలో ఉంటే, చివరిది తెల్లటి స్వర్గంలా ఉంటుంది. ఇదీ 1993 నాటి ఇంజిన్ పిల్లే అంటే పక్కన కూర్చున్నవాళ్లు నమ్మరు. నా ఫిర్యాదల్లా నిడివి గురించే. చివరి మ్యాపులు గంటలు తినేస్తాయి. ఎంత అందంగా ఉన్నా, ఒక స్విచ్ నొక్కి ఏ తలుపు తెరుచుకుందో వెతుకుతూ తిరుగుతుంటే అందం ఎక్కడికో పోతుంది.

సన్‌లస్ట్ గురించి చెప్పకపోతే డూమ్ ఆడేవాళ్లు ఊరుకోరు. 2015లో ఇద్దరు కలిసి చేశారు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ అల్ట్రా వయొలెన్స్ అనే కష్టమైన డిఫికల్టీ మీద పెట్టుకుంటే మూడు చెరువుల నీళ్లు తాగిస్తుంది. పరువు పక్కన పెట్టి కింది డిఫికల్టీలో ఆడండి. అక్కడ రాక్షసులను తగ్గించి ఊరుకోలేదు, పోరాటాన్నే తిరగరాశారు. వందల మందిని ఒకేసారి వదిలే స్లాటర్ మ్యాపులకు ప్రత్యేకంగా అభిమానులున్నారు, నేను కాదు. పదివేల మందికి పైగా రాక్షసులను ఒకే మైదానంలో నిలబెట్టిన నట్స్ అనే వ్యాడ్ కూడా ఉంది. ఒకసారి తెరిచి, వాళ్లలో వాళ్లు కొట్టుకుంటుంటే చూసి, నవ్వుకుని మూసేయడానికి బాగుంటుంది.

డూమ్‌ను మొదట చేసినవాళ్లలో ఒకడైన జాన్ రొమేరో 2019లో తనే స్వయంగా సిజిల్ పేరుతో తొమ్మిది మ్యాపులు ఇచ్చాడు. ఎంతో ఆశతో ఆడాను. నాకు అంతగా ఎక్కలేదు. చీకటి ఎక్కువ, జాగా తక్కువ, పక్కనే లావా. అసలు సృష్టికర్త కన్నా అభిమానులే ముందుకెళ్లిపోయారనిపించింది. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు.

మైహౌస్ సంగతి వేరు. 2023 మార్చిలో వచ్చింది. చనిపోయిన స్నేహితుడి పాత మ్యాప్‌ను పూర్తిచేసి వదులుతున్నానన్న పరిచయంతో మొదలవుతుంది. అందులో ఉన్నది ఒక మామూలు ఇల్లు. ఇక్కడో సంగతి తెలియాలి. కొత్తగా ఎడిటర్ పట్టిన ప్రతివాడూ మొదట కట్టేది సొంత ఇల్లే, 1994 నుంచీ అదే తంతు. అందుకే పాత ఆటగాళ్లు ఇంకో ఇల్లే కదా అని తేలిగ్గా తీసుకున్నారు. లోపలికెళ్లి, మెట్లెక్కి పై అంతస్తులో కిటికీ దగ్గర నిలబడ్డాక మెల్లిగా వెలుగుతుంది. గది మీద గది! డూమ్‌లో కుదరని పని కదా ఇది? అంటే ఇక్కడ మనకు తెలియకుండా ఏదో జరుగుతోంది. అక్కడి నుంచి పాట కొద్దికొద్దిగా శ్రుతి తప్పుతుంది, తిరిగొచ్చిన గది ఇందాకటి గది కాకుండా పోతుంది. ఇంకా చెబితే మీ ఆట చెడగొట్టినవాణ్ని అవుతాను. రెండు ముక్కలు మాత్రం గుర్తుంచుకోండి. దీనికి జీజెడ్‌డూమ్ తప్పనిసరి. వ్యాడ్ ఫైల్ కాకుండా పీకే3 ఫైల్‌నే తెరవాలి, వ్యాడ్‌లో ఉన్నది ఉత్త ఇల్లు. రాత్రి లైట్లార్పి ఆడాను, ఆ రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు హాల్లో లైటు వేసుకున్నాను. ఒక్క మాట, డూమ్‌తో పాత పరిచయం లేనివాళ్లకు ఇందులో సగం రుచి అందదు. అందుకే ఇది మొదటి వారంలో ఆడే మ్యాప్ కాదు.

చెత్త కూడా బోలెడుంది. ఎవరైనా కట్టొచ్చన్నప్పుడు అది తప్పదు. దిక్కు తెలియని చీకటి చిక్కుదారులు, ఎక్కడో మూల నొక్కితే ఇంకెక్కడో తెరుచుకునే తలుపులు, కనబడనంత దూరం నుంచి కాల్చే మెషీన్‌గన్ గాళ్లు. జల్లెడ పట్టే ఓపిక లేకపోతే ఏటా డిసెంబరు 10 ప్రాంతంలో అభిమానులే ఆ ఏటి మేటి మ్యాపులకు ప్రకటించే కాకోవార్డ్స్ జాబితా చూసుకోండి. 2004 నుంచి వస్తోంది. వాళ్ల అభిరుచి కష్టమైన మ్యాపుల వైపు కాస్త మొగ్గుతుంది, అది మనసులో పెట్టుకుని ఏరుకుంటే సరి.

ఖర్చు విషయానికొస్తే డూమ్ 2 అసలు ఫైల్ ఒకటి ఉంటే చాలు. 2024 ఆగస్టులో వచ్చిన డూమ్ ప్లస్ డూమ్ 2 కొత్త వెర్షన్‌లో అభిమానుల లెవెల్స్ గేమ్ లోపలి నుంచే దింపుకునే ఏర్పాటుంది, ఫైళ్లతో కుస్తీ పట్టలేనివాళ్లకు అదే హాయి. అదీ వద్దనుకుంటే ఫ్రీడూమ్ అని పూర్తిగా ఉచితమైన ప్రత్యామ్నాయం ఉంది. చాలా వ్యాడ్లు దాని మీద నడుస్తాయి, రాక్షసుల బొమ్మలు మాత్రం వేరుగా ఉంటాయి. నేనైతే సంప్రదాయ మ్యాపులకు డీఎస్‌డీఏ-డూమ్, మైహౌస్ లాంటివాటికి జీజెడ్‌డూమ్ వాడతాను. మొదటిది నా పాత ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్ కూడా తిరగనంత తేలిగ్గా నడుస్తుంది. తల తిరిగే ఇబ్బంది ఉన్నవాళ్లు స్క్రీన్ ఊగడాన్ని సెట్టింగ్స్‌లో తగ్గించుకోవాలి, లేకపోతే అరగంటకే వికారం మొదలవుతుంది. జీజెడ్‌డూమ్‌లో జంప్ ఆఫ్‌లో పెట్టుకోండి. ఎగరలేని హీరో కోసం కట్టిన మ్యాప్‌లో మీరు గోడ దూకితే సగం ఉచ్చులు పనిచేయవు, ఒక్కోసారి బయటికి రాలేని గుంతలో ఇరుక్కుంటారు. ఏ వ్యాడ్‌కు ఏ పోర్ట్ కావాలో, జంప్ పనికొస్తుందో లేదో దానితో వచ్చే చిన్న టెక్స్ట్ ఫైల్లో రాసి ఉంటుంది, గేమ్ తెరిచే ముందు అదొకసారి చదువుకోండి.