మిగిలిపోయిన హీటింగ్ ఆయిల్‌తో రెండు చలికాలాలు

2014లో మసాచుసెట్స్‌లో, వూస్టర్ దగ్గర ఈ ఇల్లు కొన్న రోజు లాయర్ ఇచ్చిన లెక్కల కాగితంలో ఒక లైను చూసి ఆశ్చర్యపోయాం. బేస్‌మెంట్ ట్యాంక్‌లో పాత యజమాని వదిలి వెళ్తున్న, ఇల్లు వేడి చేసే ఆయిల్‌కి కూడా అప్పటి రేటు కట్టి మేమే డబ్బులివ్వాలి. ఇక్కడ అది మామూలేనట. ఇచ్చేశాం. ట్యాంక్‌లో ఉన్న ఆయిల్ అంటే బ్యాంకులో వేసుకున్న డబ్బు లాంటిదని ఆ రోజే నా మనసులో పడిపోయింది. అది ఇల్లు అమ్మే రోజున మాత్రమే నిజమని 2023లో ఆయిల్ బదులు కరెంటుతో ఇంటిని వేడి చేసే హీట్ పంప్ పెట్టించుకున్నాక తెలిసింది.

టెక్సస్‌లో ఉన్నన్నాళ్ళూ ఇంటిని ఆయిల్‌తో వేడి చేస్తారన్న సంగతే మాకు తెలియదు. ఇక్కడ పాత ఇళ్ళలో ఇది చాలా మామూలు. బేస్‌మెంట్‌లో 275 గ్యాలన్ల స్టీలు ట్యాంక్, పక్కన బాయిలర్, గోడల వెంబడి వేడినీళ్ళ పైపులు. 275 అంటారు గానీ నిండా నింపినా 250 లోపే పడుతుంది. మాకు స్నానాల నీళ్ళు కూడా ఆ బాయిలర్‌వే కాబట్టి ఎండాకాలంలోనూ రోజూ కొంత కాలుతూనే ఉండేది. ఆటోమేటిక్ డెలివరీ పెట్టుకున్నాం. ఎంత చలి పడిందో లెక్క చూసుకుని కంపెనీ వాళ్ళే వచ్చి నింపేవారు. తొమ్మిదేళ్ళు అలా గడిచాయి. 2022లో గ్యాలన్ 5 డాలర్లు దాటినప్పుడు వచ్చిన బిల్లు చూసి, మావారూ నేనూ ఇక మారిపోవాలని తేల్చుకున్నాం.

తప్పు అక్కడే జరిగింది. హీట్ పంప్ వాళ్ళతో ఒప్పందం చేసుకున్నాం, కరెంటు ప్యానెల్ మార్పించాం, ఆటోమేటిక్ డెలివరీ ఆపమని మాత్రం చెప్పలేదు. ఏప్రిల్‌లో లారీ వచ్చి ట్యాంక్ నింపి వెళ్ళిపోయింది. సెప్టెంబర్‌లో హీట్ పంప్, దాంతో పాటే నీళ్ళకి ఎలక్ట్రిక్ హీటర్ వచ్చేసరికి గేజ్ సగం దగ్గర ఉంది. అంటే ఇంచుమించు 130 గ్యాలన్లు, మన లెక్కలో 490 లీటర్లు. గ్యాలన్ నాలుగు డాలర్లకి కాస్త అటూ ఇటూగా కొన్న సరుకు.

ముందు కంపెనీకే ఫోన్ చేశాం. ఒకసారి ఇంటి ట్యాంక్‌లో పోశాక వెనక్కి తీసుకునేది లేదన్నారు. అడుగున మడ్డి, నీళ్ళు ఉంటాయి కాబట్టి అది వాళ్ళకి అమ్ముకునే సరుకు కాదు. ఆ మాట ఒప్పుకోవలసిందే. ట్యాంక్ తీసేవాళ్ళని అడిగితే, మిగిలిన ఆయిల్ తోడినందుకు గ్యాలన్‌కి ఇంత అని మేమే కట్టాలన్నారు. అయిదొందల డాలర్లు పోసి కొన్నదాన్ని వదిలించుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టాలంటే ప్రాణం ఉసూరుమంది.

ఆ శీతాకాలం అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. బేస్‌మెంట్ మెట్లు దిగగానే, "ఏమే, ఇది కిరసనాయిలు వాసన కదూ?" అంది. ఆవిడ వయసులో ఉన్నప్పుడు రేషన్ షాపు ముందు డబ్బా పట్టుకుని గంటలు గంటలు నిలబడి తెచ్చుకున్న సరుకు అది. 490 లీటర్లు అని చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఎవరికైనా ఇవ్వండే, పారబోయకండి" అంది. పారబోసే ప్రసక్తే లేదు. ఈ రాష్ట్రంలో 10 గ్యాలన్ల ఆయిల్ నేల మీద ఒలికినా రెండు గంటల్లో పర్యావరణ శాఖకి చెప్పాలి. మట్టిలోకి ఇంకితే శుభ్రం చేయించే ఖర్చు కొత్త హీట్ పంప్ ఖర్చుని మించిపోవచ్చు. మామూలు ఇంటి బీమా చాలాసార్లు దీనికి వర్తించదు కూడా. మీ పాలసీ ఒకసారి తీసి చూసుకోండి.

ఇది కిరసనాయిలు కాదని అమ్మకి చెప్పడానికే చాలాసేపు పట్టింది. వాసన దగ్గరగా ఉంటుంది కానీ ఇది డీజిల్ జాతి. వత్తి ఉండే కిరసనాయిలు హీటర్లలో ఇది పోయకూడదు. మసి, పొగ, పైగా నిప్పు ప్రమాదం. 2018 జూలై నుంచి ఇక్కడి హీటింగ్ ఆయిల్‌లో గంధకం 15 పీపీఎం (పది లక్షల భాగాల్లో 15) లోపే ఉండాలని నియమం వచ్చాక రోడ్డు డీజిల్‌కీ దీనికీ పెద్ద తేడా లేదు. అందుకే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టగానే ఒకాయన తన డీజిల్ ట్రక్కు కోసం అడిగారు. ఇవ్వలేనని చెప్పాను. ఇందులో ఎర్ర రంగు కలుపుతారు, రోడ్డు పన్ను కట్టని ఇంధనం అని గుర్తుకి. రోడ్డు మీద తిరిగే బండి ట్యాంక్‌లో ఆ రంగు దొరికితే జరిమానా 1,000 డాలర్లు, లేదా గ్యాలన్‌కి 10 డాలర్ల లెక్కన, ఏది ఎక్కువైతే అది. మంచి చేయబోయి మనవాళ్ళని అందులో ఇరికించలేం. రోడ్డెక్కని డీజిల్ జనరేటర్ ఉన్నవాళ్ళకి ఇవ్వొచ్చు కానీ, మాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ లేదు.

చివరికి బాయిలర్‌ని బ్యాకప్‌గా ఉంచుకున్నాం. 2023 ఫిబ్రవరి 4న బోస్టన్‌లో సున్నాకి కింద 10 ఫారెన్‌హీట్ పడింది, అంటే సున్నాకి కింద 23 సెల్సియస్. 1957 తర్వాత అక్కడ అంత చలి అదే మొదలు. మా ఊళ్ళో అంతకన్నా చల్లన. ఆ రాత్రి మర్చిపోలేక, హీట్ పంప్ చేతులెత్తేస్తే ఏంటి అన్న టెన్షన్‌తో పాత బాయిలర్ తీయించలేదు. పది ఫారెన్‌హీట్ (సున్నాకి కింద 12 సెల్సియస్) కిందికి దిగితే ఆయిల్, మిగతా రోజులు హీట్ పంప్ అనుకున్నాం.

మొదటి చలికాలం నిజంగా ధైర్యంగా ఉంది. బాయిలర్ వేడి వేరు, పైపుల దగ్గర కూర్చుంటే అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గేది. కాలింది 45 గ్యాలన్లు. హీట్ పంప్ ఒక్కసారీ ఆగలేదు. నిజం చెప్పాలంటే ఆయిల్ అవసరమై వాడలేదు, ఉందని వాడాం.

రెండో చలికాలానికి లెక్క తిరగబడింది. ఏటా బాయిలర్ సర్వీసింగ్‌కి రెండొందల చిల్లర. ఏడాదికి 40, 45 గ్యాలన్లు కాల్చడానికి, ఆ ఆయిల్ విలువ కంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నాం. పైగా నెలల తరబడి కదలకుండా ఉన్న ఆయిల్ అడుగున మడ్డి చేరింది. 2025 జనవరిలో ఒక రాత్రి ఫిల్టర్ మూసుకుపోయి, బాయిలర్‌లో ఆయిల్ మండించే బర్నర్ ఆగిపోయింది. ఎర్ర రీసెట్ బటన్ ఒక్కసారి నొక్కి చూశాం, ఊరుకున్నాం. పదేపదే నొక్కితే మండని ఆయిల్ లోపల చేరి, ఒక్కసారిగా అంటుకునే ప్రమాదం ఉంది. మర్నాడు మనిషి వచ్చి ఫిల్టర్ మార్చి, లైన్లో గాలి తీసి వెళ్ళాడు. దానికి ఇంకో బిల్లు. బ్యాకప్ అన్నది అక్కరకి రావలసిన రాత్రే రాకపోతే ఇంకెందుకు? ఆ రోజే దాన్ని వదిలేద్దామని గట్టిగా అనుకున్నాం.

అంతకన్నా భయపెట్టింది 2023 డిసెంబర్‌లో జరిగింది. డెలివరీ ఆపేయమని అక్టోబర్‌లోనే ఫోన్లో చెప్పాం, సరేనన్నారు. అయినా ఒక మధ్యాహ్నం లారీ వచ్చింది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. మంచులో గొట్టం లాక్కుంటూ డ్రైవర్ గోడ బయట ఆయిల్ పోసే ఫిల్ పైప్ దగ్గరికి వచ్చి పెట్టేశాడు. ఆయిల్ ఎక్కుతుంటే లోపలి గాలి వెంట్ పైప్‌లోంచి ఈలలాగా కూస్తుంది. ఆ కూత ఆగితే నిండినట్టు. ఆ కూత విని అమ్మ శాలువా కప్పుకుని బయటికి పరుగెత్తింది. వచ్చిన ఇంగ్లిష్ అంతా కలిపి "నో ఆయిల్, స్టాప్" అంది. అతను మంచివాడు, వెంటనే ఆపాడు. అప్పటికి ఎక్కింది నాలుగు గ్యాలన్లే. వాటికి బిల్లు కూడా వేయలేదు.

మా ట్యాంక్ ఇంకా ఉంది కాబట్టి సరిపోయింది. ట్యాంక్ తీసేసి, గోడ బయట ఫిల్ పైప్ మాత్రం వదిలేసిన ఇళ్ళలో పొరపాటున లారీ వచ్చి వందల గ్యాలన్లు నేరుగా బేస్‌మెంట్ నేల మీదికి వదిలిన సంఘటనలు ఈ దేశంలో జరిగాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఈమెయిల్ రాసి, ఆపేశామని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాం. ఫిల్ పైప్‌కి తాళం పడే మూత కొని బిగించాం. ఇది చదివేవాళ్ళు ఇంకేం చేసినా చేయకపోయినా, ఈ రెండూ మాత్రం తప్పకుండా చేయండి.

2025 వేసవికి ఇంకా 45 గ్యాలన్ల చిల్లర మిగిలింది. పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆయిలే వాడతారు. తన సర్వీస్ మనిషిని అడిగి, సరేనన్నాకే తీసుకుంటానన్నారు. ఆయన జాగ్రత్త నాకు నచ్చింది. ఫిల్టర్ ఉన్న చిన్న పంపు తెచ్చుకుని, గొట్టం అడుగుకి తగలకుండా పై ఆయిల్ మాత్రమే తోడాం. డీజిల్‌కి వాడే పసుపు రంగు డబ్బాలు, ఒక్కోటి 5 గ్యాలన్లు. నిండా పోస్తే 16 కిలోలు, కాబట్టి కొంచెం తక్కువే పోశాం. కింద ప్లాస్టిక్ షీటు, ఒలికితే పీల్చుకోవడానికి దాని మీద పిల్లుల కోసం అమ్మే మట్టి పరిచాం. మావారూ ఆయనా ఎనిమిది డబ్బాలు మోసేసరికి శనివారం పొద్దున్న గడిచిపోయింది. డబ్బులు తీసుకోలేదు. 130 గ్యాలన్లూ ఇలా మోయాలంటే మాత్రం వద్దనే చెబుతాను. నలభై లోపు అయితేనే ఇది మనుషులు చేసే పని.

అడుగున మిగిలిన మడ్డిని ట్యాంక్ తీసేవాళ్ళే తోడుకున్నారు. అగ్నిమాపక శాఖ పర్మిట్ వాళ్ళే తెచ్చారు. ఫిల్ పైప్, వెంట్ పైప్ రెండూ పీకించి, గోడలో కన్నాలు మా కళ్ళ ముందే సిమెంటుతో పూడ్పించాం. ట్యాంక్‌ని తుక్కు యార్డులో అప్పగించిన రసీదు ఇంటి కాగితాలతో పెట్టాను. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ళు మొదట అడిగే కాగితాల్లో అదొకటి.

మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వస్తే, మారాలనుకున్న చలికాలం మొదట్లోనే ఆటోమేటిక్ డెలివరీ ఆపించి, కావలసినప్పుడు ఫోన్ చేసి తెప్పించుకునే పద్ధతికి మారతాను. కంపెనీలు సాధారణంగా 100 గ్యాలన్లకి తక్కువ పోయవు కాబట్టి, ఆఖరి లోడు ఫిబ్రవరికి ముందే వేయించుకుంటాను. వేసవి స్నానాల నీళ్ళకే మిగతాది కాలిపోతుంది. బ్యాకప్ కావాలనిపిస్తే ఒక్క చలికాలం ఉంచుకుంటాను, రెండోది ఉంచుకోను.

మొన్న అమ్మ వీడియో కాల్‌లో బేస్‌మెంట్ చూపించమంది. ట్యాంక్ ఉన్నచోట సిమెంటు నేల మీద నాలుగు కాళ్ళ తుప్పు గుర్తులున్నాయి. వాసన ఇంకా పూర్తిగా పోలేదు. "పక్కింటాయన మన ఆయిల్ కాల్చేశాడా?" అని అడిగింది. నవంబర్‌లోనే అయిపోయిందని చెప్పాను.