మెడ వంగే రాట్చెట్ సెట్టు: పాత డీజిల్ పికప్ మీద బాగా వాడాక

ముందే మార్కులు వేసేస్తాను. రాట్చెట్‌కి, అంటే బోల్టు మీంచి తియ్యకుండా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తిప్పే పిడికి, పదికి తొమ్మిది. సాకెట్ దూరం అందేలా మధ్యలో తగిలించే పొడవాటి ఎక్స్‌టెన్షన్లకి పదికి పది. సాకెట్‌ని ఏటవాలుగా తిప్పనిచ్చే యూనివర్సల్ జాయింట్ ఒకటి సెట్టులో వచ్చింది, దానికి మూడు కూడా ఎక్కువే.

మాది విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఐసు, చేపల పెట్టెలు తోలే పాత డీజిల్ పికప్. సముద్రపు గాలి ఒక పక్క, పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్ళు ఇంకో పక్క. ఇక్కడ ఏళ్ళ తరబడి తిరిగిన బండికి బోల్టు తలలు ఎలా ఉంటాయో వేరే చెప్పాలా? 14 నంబరు తల తుప్పు రాలి పదమూడున్నర అయి కూర్చుంటుంది. బోల్టు తల మీద కూర్చునే గిన్నెల్లాంటి సాకెట్లు ఆరు మూలలవి కాబట్టే ఈ సెట్టు కొన్నాను. పన్నెండు మూలలవి అలాంటి తల మీద జారి, మిగిలిన అంచుల్ని కూడా అరగదీస్తాయి.

రాట్చెట్‌కి 72 పళ్ళు. అంటే చెయ్యి 5 డిగ్రీలు ఆడితే చాలు, పన్ను పడుతుంది. 24 పళ్ళదానికి 15 డిగ్రీల చోటు కావాలి. ఆ తేడా ఇంజను స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్ పై బోల్టు దగ్గర తెలుస్తుంది. మా బండిలో అది బెల్ హౌసింగ్ (ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య గుల్ల) పైభాగంలో ఉంది, కంటికి ఆనదు. పైనుంచి చెయ్యి పెడితే మానిఫోల్డ్ అడ్డు, పక్కనుంచి పెడితే పైపులు. అందుకని బండి కింద పడుకుని, గేర్‌బాక్సు మీదుగా ఎక్స్‌టెన్షన్లు ఒకదానికొకటి తగిలించి పంపుతాను. సాకెట్ సరిగ్గా కూర్చుందో లేదో రెండో చేతి వేలితో తడిమి చూసుకోవాలి. జాయింట్ పెడితే సాకెట్ కోసిన కోడి మెడలా వాలిపోతుంది. దానికి ఇన్సులేషన్ టేపు చుడితే కాస్త నిలబడుతుంది గానీ, గట్టి బోల్టు దగ్గర పిన్ను వంగిపోయింది. అమ్మిన షాపాయన "వాడినదానికి మార్పిడి లేదండీ" అనేశాడు.

అన్నట్టు, సెల్ఫ్ జోలికి వెళ్ళేముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ఆ లావు వైరులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. రాట్చెట్ దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పులే.

చల్లటి డీజిల్ ఇంజను స్టార్టయ్యేలా లోపల వేడిచేసే హీటర్ ప్లగ్గుల దగ్గర మాత్రం ఈ సెట్టు తేలిపోయింది. అక్కడ బలం కాదు, సున్నితం కావాలి. ప్లగ్గు విరిగి ముక్క లోపల ఉండిపోతే ఇంజను పైభాగం, అంటే హెడ్డు, దింపాల్సి రావచ్చు. సెట్టులో ఉన్నది 3/8 అంగుళాల హ్యాండిల్ (ఆ కొలత సాకెట్ తగిలించే చదరపు కొనది), దాని పొడవుకి ఎంత జోరు పడుతుందో చేతికి తెలీదు. పావు అంగుళం చిన్న రాట్చెట్ విడిగా కొన్నాను. ముందురోజు తుప్పు వదిలే నూనె కొట్టి, మర్నాడు ఇంజను వెచ్చగా ఉండగా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ తీస్తాను. కొత్త ప్లగ్గు తలకి పాత డీజిల్ పైపు ముక్క తొడిగి వేళ్ళతోనే తిప్పుతాను. మర అడ్డంగా పడితే రబ్బరు జారిపోతుంది, మర పాడవదు.

క్రోమ్ పూత ఇప్పటికే చుక్కలు పడింది. పని అయ్యాక ఆయిల్ గుడ్డతో తుడవకపోతే మన ఊరి గాలికి ఏ సెట్టయినా అంతే. పెట్టె గొళ్ళాలు మొదటి ఏడాదే పోయాయి, సైకిల్ ట్యూబు ముక్కతో నడుస్తోంది.

గాజువాక ఆటోనగర్ మేస్త్రీలకి ఇది అక్కర్లేదు. పానాలు వంచి, కోసి, వెల్డింగ్ పెట్టి తయారుచేసుకున్నవి వాళ్ళ దగ్గర ఉంటాయి, ఇదే పని నాకంటే ముందే ముగిస్తారు. సొంత బండి సొంతంగా చూసుకునేవాళ్ళయితే తీసుకోండి. జాయింట్ మాత్రం గట్టి దెబ్బలు తట్టుకునే ఇంపాక్ట్ రకం నల్లది విడిగా కొనుక్కోండి.